పచ్చీసులో లేని ‘ర’

నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చమ్మా. నాలుగూ బోర్లా పడితే అష్టా. చమ్మా అంటే నాలుగు, అష్టా అంటే ఎనిమిది. ఈ రెండిట్లో ఏది పడినా ఇంకో పందెం వెయ్యొచ్చు కాబట్టి గవ్వలు కుదురుకునేలోపే ఎవరో ఒకరు గట్టిగా అరుస్తారు. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు కొత్తపేట దగ్గర. ఆ ఇంటి వీధరుగు మీద బొగ్గుముక్కతో అడ్డం అయిదు, నిలువు అయిదు గళ్ళు గీసుకుని, కొన్ని గళ్ళలో ఇంటూ గుర్తులు కొట్టుకుని, వేసవి సెలవులన్నీ ఆ అరుపుల మధ్యే గడిపాం. గవ్వలు దొరక్కపోతే చింతపిక్కలు. వాటిని ఒక వైపు గచ్చుకేసి అరగదీస్తే తెల్లగా తేలుతుంది, ఆ తెలుపు పైకి పడితే వెల్లకిలా పడినట్టు లెక్క. కాయల కింద గాజుముక్కలు, చీపురుపుల్లలు, సోడా మూతలు. ఇంటూ ఉన్న గడిలో కాయని చంపకూడదు. ఎదుటివాడి కాయని ఒక్కదాన్నైనా చంపకుండా లోపలి గళ్ళలోకి వెళ్ళకూడదు. చుట్టూ తిరిగి నడిమి గడికి చేరిన కాయ ‘పండింది’ అంటాం.

ఈ ఆటకి అష్టా చమ్మా అని పేరు పెట్టింది ఎవరు? ఎవరూ పెట్టలేదు. ఆడేవాళ్ళు ఏం అరుస్తారో అదే పేరైంది. చెడుగుడు కూడా అంతే కదా, కూత పెట్టే మాటే ఆట పేరు. పచ్చీసు సంగతీ అంతే. ఆరు గవ్వలతో ఆడే పచ్చీసులో అతి పెద్ద పందెం పాతిక. హిందీలో పాతికంటే పచ్చీస్. మన దగ్గర అష్టా ఎంతో అక్కడ పచ్చీస్ అంత.

ఆ అరుపుని ఒకసారి నా పేరు మీద రిజిస్టర్ చేయించుకుందామని దరఖాస్తు పెట్టాను. ఈ వ్యాసం అక్కణ్ణుంచి మొదలైంది.

2020 లాక్‌డౌన్‌లో నేను లాప్‌టాప్ పట్టుకుని ఆ ఊరే వెళ్ళాను. పగలంతా ఆఫీసు పని, సాయంత్రం అమ్మమ్మతో అష్టా చమ్మా. శని ఆదివారాల్లో కూర్చుని దాన్నే ఫోన్లో ఆడుకునే యాప్‌గా రాశాను. అమ్మమ్మ నా మొదటి టెస్టర్. చాలా కఠినమైన టెస్టర్. వరసగా మూడు అష్టాలు పడితే మూడూ పోతాయని ఆవిడ, పోవని మా పెద్దమావయ్య. చివరికి దాన్ని సెట్టింగ్స్‌లో ఒక మీటగా పెట్టాల్సొచ్చింది. యాప్‌కి ‘అష్టా చమ్మా’ అని తప్ప ఇంకో పేరు తోచలేదు. పదివేలమంది దాకా దించుకున్నాక ఒక స్నేహితుడు అన్నాడు, “పేరు ట్రేడ్‌మార్క్ చేయించెయ్‌రా, లేకపోతే ఎవడో ఒకడు కొట్టేస్తాడు” అని. కొట్టెయ్యడం అనే మాట నాకప్పుడు చాలా సబబుగా వినిపించింది.

ట్రేడ్‌మార్క్ ఏజెంటుని ఫోన్లో పట్టుకున్నాను. ఆయన మొదటి మాటే, “పేరు రాదండీ, లోగో చేయించుకోండి.” 1999 నాటి ట్రేడ్‌మార్క్స్ చట్టంలో తొమ్మిదో సెక్షన్ అడ్డు అన్నాడు. సరుకు ఏమిటో చెప్పే మాటని గానీ, జనం వాడుకలో స్థిరపడ్డ మాటని గానీ ఒకరి గుర్తుగా రిజిస్టర్ చెయ్యరు. చెప్పుల కంపెనీ ‘చెప్పు’ అనే మాటని సొంతం చేసుకోలేదు. అలాగే అష్టా చమ్మా ఆడించే యాప్ అష్టా చమ్మా అనే మాటని సొంతం చేసుకోలేదు. లూడో యాపులు చూడండి అన్నాడు. లూడో కింగ్, లూడో క్లబ్, లూడో స్టార్. లూడో అందరిదీ, పక్కన అతికించిన రెండో మాటతోనే ఎవరి దుకాణం వాళ్ళది. లోగో సంగతి వేరు. మీరు గీయించిన నాలుగు గవ్వల బొమ్మ మీదే. కానీ బొమ్మలో భాగంగా అష్టా చమ్మా అనే అక్షరాలున్నా, రిజిస్ట్రేషన్ వల్ల ఆ అక్షరాల మీద హక్కేమీ రాదు. అది పదిహేడో సెక్షన్. ఇంత వివరంగా చెప్పినా నేను వినలేదు. వ్యక్తిగత దరఖాస్తుకి ఒక్కోదానికి 4,500 రూపాయలు. లోగోకి ఒకటి, పేరుకి ఒకటి, రెండూ పెట్టించాను.

ఏజెంటు మాట తప్పని నిరూపించాలనే పంతంతో పాత కేసులు చదవడం మొదలుపెట్టాను. ఆట పేరు ట్రేడ్‌మార్క్ అయిన సందర్భం ఒక్కటైనా ఉండదా అని. వెతగ్గా దొరికింది సాక్షాత్తూ పచ్చీసే.

అమెరికాలో పచ్చీసుని పెట్టెల్లో పెట్టి అమ్మడం 1860ల చివర్లో మొదలైంది. ఆ హక్కులు ఒకటి రెండు చేతులు మారి న్యూయార్క్‌లో ఎలైషా సెల్చో అనే వ్యాపారి దగ్గరికి చేరాయి. తర్వాత్తర్వాత సెల్చో అండ్ రైటర్ అని పేరుపడ్డ కంపెనీ అది. 1874లో ఆ ఆట పేరు అక్కడ ట్రేడ్‌మార్క్ అయింది. రాసిన తీరు మాత్రం పచ్చీసీ కాదు, పర్చీసీ. మధ్యలో ఒక ‘ర’ వచ్చి చేరింది. పెట్టె మీద కింద ఇంకో వరస: భారతదేశపు రాజుల ఆట అని. అంటే ఆట ఎక్కడిదో దాచలేదు. అదే అమ్మకానికి ఆకర్షణ కూడా. అరుగుల మీద, గుడి మండపాల్లో, గుడ్డ మీద కుట్టుకుని ఆడిన జనం సంగతి ఆ వరసలో లేదు, రాజులొక్కళ్ళే మిగిలారు. ఫతేపూర్ సిక్రీలో నేల మీద పరిచిన పెద్ద పచ్చీసు పటం గైడ్లు ఇప్పటికీ చూపిస్తారు. అక్బరు అక్కడ మనుషుల్నే కాయలుగా నిలబెట్టి ఆడాడని చెప్పే కథ పెట్టెలమ్మేవాళ్ళకి బాగా పనికొచ్చింది.

మొదట నాకొచ్చింది కోపమే. మన ఆటని, మన అంకెని ఎత్తుకెళ్ళి తాళం వేసుకున్నారు అని. ఆ కోపంతోనే ఈ వ్యాసం రాసి ఉంటే చదవడానికి ఇంకాస్త ఉషారుగా ఉండేదేమో. కానీ ట్రేడ్‌మార్క్ చట్టాన్ని కొంచెం చదివితే అది అంత సులువైన దొంగతనం కథ కాదని తెలుస్తుంది. పేటెంటు అడిగే ప్రశ్న దీన్ని మొదట కనిపెట్టింది ఎవరు అని. కాపీరైటు అడిగే ప్రశ్న దీన్ని రాసింది, గీసింది ఎవరు అని. ట్రేడ్‌మార్క్ ఈ రెండూ అడగదు. ఈ మాట చెవిన పడగానే కొనేవాడికి గుర్తొచ్చేది ఏమిటి, సరుకా, సరుకు చేసినవాడా? అంతే దాని ప్రశ్న. 1874లో న్యూయార్క్‌లో బొమ్మల దుకాణానికొచ్చిన తల్లికి పర్చీసీ అంటే పాతిక అని తెలియదు. ఆవిడకి అది అర్థం లేని ఒక ముద్దుమాట. ఆ పెట్టె మీద తప్ప ఎక్కడా వినలేదు. కాబట్టి ఆవిడ మట్టుకు అది సెల్చో పెట్టె పేరే. అదే మాట ఆగ్రాలో ఒక చిల్లర వర్తకుడు తన పేరున అడిగితే నవ్వుతారు, ఎందుకంటే అక్కడ అందరికీ దాని అర్థం తెలుసు. ఒక మాట ఒకచోట ఉమ్మడిగా ఉండటానికి, ఇంకోచోట ఒకడి సొత్తు కావడానికి మధ్య తేడా విన్నవాళ్ళకి అది తెలిసి ఉండటం, తెలియకపోవడం. ఆ తెలియనితనానికి చట్టం విలువ కట్టింది.

ఇంకో విచిత్రం. పర్చీసీ అనే పేరుకి యజమాని ఉన్నాడు కాబట్టి మెక్‌లాఫ్లిన్ బ్రదర్స్, మిల్టన్ బ్రాడ్లీ లాంటి పోటీ కంపెనీలు అదే ఆటని వేరే పేరుతో అమ్మాయి. ఏం పేరనుకున్నారు? ‘గేమ్ ఆఫ్ ఇండియా’. అమెరికా బొమ్మల దుకాణంలో మన పాతికకి యజమాని ఉన్నాడు, మన దేశం పేరు మాత్రం ఎవరైనా వాడుకోవచ్చు. ఇంగ్లండులో ఇదే ఆటకి గవ్వలు తీసేసి పాచిక పెట్టి 1896లో పేటెంటు తీసుకున్నారు. దానికి పెట్టిన పేరు లూడో, ‘ఆడుతున్నాను’ అనే అర్థమున్న లాటిన్ మాట. అది తిరిగి మన ఊళ్ళకే వచ్చి, అష్టా చమ్మా ఆడే అరుగు మీదే అట్టముక్క పరిచింది. వైకుంఠపాళీ కూడా ఇలాంటి ప్రయాణమే చేసింది. పరమపద సోపానం విక్టోరియా కాలపు ఇంగ్లండులో పాములు నిచ్చెనల ఆట అయింది. 1943లో మిల్టన్ బ్రాడ్లీ దాన్ని అమెరికాలో అచ్చేసినప్పుడు పాములూ పోయాయి, వాటి స్థానంలో పార్కుల్లో పిల్లలు జారే జారుడుబల్లలొచ్చాయి, పేరూ వాటిదే. నా చిన్నప్పుడు తీర్థంలో కొన్న వైకుంఠపాళీ పటం మీద పైన వైకుంఠం, కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు. అంతకుమించి దాని మీద ఎవరి సంతకమూ ఉన్నట్టు గుర్తులేదు.

సెల్చో అండ్ రైటర్ కథ పర్చీసీతో ఆగలేదు. 1950ల్లో వాళ్ళ చేతికి ఇంకో ఆట వచ్చింది, స్క్రాబుల్. ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే ఉద్యోగం పోయిన ఆర్కిటెక్టు ఆర్థిక మాంద్యం రోజుల్లో తయారుచేసిన ఆట అది. 1948లో జేమ్స్ బ్రూనో దానికి స్క్రాబుల్ అని పేరు పెట్టాడు. మొదట లైసెన్సు మీద తయారుచేసిన సెల్చో వాళ్ళు 1972లో ట్రేడ్‌మార్కునే కొనేశారు. తర్వాత కొన్నేళ్ళకి మెక్‌గ్రా హిల్ అనే ప్రచురణ సంస్థ ఆ ఆట ఆడేవాళ్ళకోసం ఒక నిఘంటువు వెయ్యబోయి, అట్ట మీద స్క్రాబుల్ అనే మాట పెట్టింది. సెల్చో వాళ్ళు కోర్టుకెళ్ళి 1978లో ఆపించారు. వాళ్ళ భయం ఏమిటంటే, ఎవరు పడితే వాళ్ళు ఆ మాట వాడితే అది మామూలు నామవాచకం అయిపోతుందని. నామవాచకమైతే ఆస్తి పోతుంది. ఒక హిందీ అంకెని విశేషనామం చేసి వంద సంవత్సరాలు అమ్ముకున్న కంపెనీ, తన రెండో మాట జనం నోళ్ళలో మామూలు మాట అవుతుందేమోనని బెంగపెట్టుకోవడం నాకు భలే సరదాగా అనిపించింది. 1986లో కంపెనీని కొలెకో కొంది, కొలెకో దివాలా తీశాక 1989లో రెండు ఆటలూ హాస్‌బ్రో చేతికెళ్ళాయి. అమెరికా, కెనడా తప్ప మిగతా ప్రపంచంలో స్క్రాబుల్ మాటెల్ వాళ్ళది.

ఆ మాటెల్ మన దేశంలో కోర్టుకెక్కిన కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. కలకత్తాకి చెందిన రజత్, జయంత్ అగర్వాలా అనే అన్నదమ్ములు స్క్రాబులస్ అని ఒక ఆట తయారుచేస్తే, 2007, 2008ల్లో ఫేస్‌బుక్‌లో లక్షలమంది దానికి అతుక్కుపోయారు. నేనప్పుడు ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నాను, రాత్రి పదకొండు దాటాక ల్యాబులో నెట్ ఖాళీ అయ్యేది, అప్పుడు ఆడేవాళ్ళం. 2008 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు మధ్యంతర తీర్పు ఇచ్చింది. గళ్ళ బోర్డు మీద, నియమాల మీద కాపీరైటు ఉందన్న వాదన ప్రాథమికంగా నిలవలేదు. ఆట అనే ఆలోచనకీ, దాన్ని వ్యక్తపరిచే ఆ కాసిని గళ్ళకీ మధ్య విడదీసేంత తేడా లేదని కోర్టు భావించింది. కానీ పేరు దగ్గర మాటెల్ గెలిచింది. స్క్రాబులస్ అంటే వినగానే స్క్రాబుల్ గుర్తొస్తుంది, వాడకూడదు అంది. ఆటని ఎవరైనా ఆడించొచ్చు, ఆ పేరుతో మాత్రం పిలవకూడదు. అన్నదమ్ములు పేరు లెక్సులస్ అని మార్చుకున్నారు.

అదే నెలలో మన దగ్గర ఇంద్రగంటి మోహనకృష్ణ సినిమా ‘అష్టా చమ్మా’ విడుదలైంది. నాని మొదటి సినిమా. లక్కవరం అనే పల్లె, హైదరాబాదు, మహేష్ అనే పేరున్నవాణ్ణే పెళ్ళి చేసుకుంటానని పట్టుబట్టే అమ్మాయి. ఆస్కార్ వైల్డ్ నాటకం గోదావరి యాసలోకి వచ్చి, ఒక పేరు చుట్టూ అబద్ధాల మీద అబద్ధాలు పేర్చింది. ఆ సినిమాకి ఆ పేరు పెట్టినందుకు గవ్వలాట ఆడేవాళ్ళెవరూ నొచ్చుకోలేదు. ఆట తరఫున నొచ్చుకోవడానికి ఎవరున్నారు గనక.

నొచ్చుకునేవాళ్ళున్న ఆట మొనోపలీ. ట్రేడ్‌మార్క్ చదువులో నన్ను ఎక్కువ రోజులు పట్టి ఉంచింది ఈ కేసే. మనం ఆడింది దాని దేశవాళీ రూపం, బిజినెస్ ఆట. బొంబాయి, కలకత్తా కొనుక్కుని అద్దెలు వసూలు చేసేవాళ్ళం. నాది రాజమండ్రి మెయిన్ రోడ్డులో కొన్నది. అసలు మొనోపలీని కనిపెట్టింది చార్లెస్ డారో అని పార్కర్ బ్రదర్స్ కంపెనీ 1935 నుంచీ చెప్పుకుంటూ వచ్చింది. ఉద్యోగం లేని ఒక మనిషి వంటింటి బల్ల మీద గీసిన ఆట, అదృష్టం తిరగడం, ఇలాంటి కథ. నిజానికి ఎలిజబెత్ మేగీ అనే ఆవిడ 1904లోనే ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’ పేరుతో దానికి మూలమైన ఆటకి పేటెంటు తీసుకుంది. భూమి కొందరి చేతుల్లో పోగుపడితే మిగతావాళ్ళ గతి ఏమవుతుందో చూపించడానికి చేసిన ఆట. ముప్ఫై ఏళ్ళపాటు జనం దాన్ని చేత్తో గుడ్డ మీద గీసుకుని, వాళ్ళ వాళ్ళ ఊళ్ళ వీధుల పేర్లు రాసుకుని ఆడారు. మొనోపలీ అన్న పేరు కూడా అలా ఆడినవాళ్ళ నోటే పుట్టింది. డారో నేర్చుకున్నది వాళ్ళ దగ్గరే. మేగీ పేటెంటుని పార్కర్ బ్రదర్స్ 500 డాలర్లకి కొనేసుకుంది.

1973లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆర్థికశాస్త్రం చెప్పే రాల్ఫ్ ఆన్‌స్పాక్ అనే ప్రొఫెసరు యాంటీ-మొనోపలీ అనే ఆట వేశాడు. కంపెనీ కోర్టుకి లాగింది. మొదట ఆయన ఓడిపోయాడు. 1977లో మినెసోటా రాష్ట్రంలో మాంకాటో దగ్గర చెత్త పాతరలో ఆయన ఆట పెట్టెలు దాదాపు 40,000 పూడ్చిపెట్టారు. ఆయన వదల్లేదు. పాత క్రీడాకారుల్ని వెతుక్కుంటూ ఊళ్ళు తిరిగి, చేత్తో గీసిన పాత పటాలు సంపాదించి కోర్టు ముందు పెట్టాడు. ఒక సర్వే కూడా లెక్కలోకి వచ్చింది. మొనోపలీ ఎందుకు కొంటారు, పార్కర్ బ్రదర్స్ సరుకు ఇష్టమనా, ఆ ఆట ఆడుకోవాలనా, ఎవరు చేస్తే ఏంటనా? 65 శాతం మంది రెండోదే చెప్పారు. 1982లో అప్పీళ్ళ కోర్టు ఆ మాట ఆట పేరే తప్ప కంపెనీ గుర్తు కాదంది. మర్నాటి ఏడు సుప్రీంకోర్టు ఆ తీర్పులో వేలు పెట్టలేదు. ఇంకేముంది, ఆట గెలిచింది అనుకుంటాం. 1984లో అమెరికా కాంగ్రెస్ చట్టాన్నే సవరించింది. కొనేవాడు ఏ ఉద్దేశంతో కొంటున్నాడు అనేది ఇక పరీక్ష కాదంది. అంటే ‘మేం ఆడుకోవడానికే కొంటున్నాం’ అన్న ఆ 65 శాతం మంది జవాబు ఇక ముందు కేసుల్లో చెల్లదు.

ఇవన్నీ చదువుతున్న రోజుల్లోనే ఇంకో పని కూడా చేశాను. చెప్పుకోవడానికి బాగోదు గానీ, చెప్పకపోతే పై పేరాలన్నీ ఊరికే రాసినట్టే అవుతుంది.

యాప్ స్టోర్‌లో అదే పేరుతో ఇంకో యాప్ వచ్చింది. నాకన్నా ముచ్చటగా ఉంది. గవ్వలు దొర్లే చప్పుడు నిజమైన అరుగు మీద రికార్డు చేసినట్టుంది, వెనకాల ఎక్కడో కోడి కూత కూడా వినిపిస్తుంది. వాడి మెయిల్ ఐడీ తీసుకుని ఇంగ్లీషులో నాలుగు వరసలు రాశాను. ఈ పేరు మీద మేము ట్రేడ్‌మార్క్ దరఖాస్తు చేశాం, దరఖాస్తు సంఖ్య ఇదిగో, ఏడు రోజుల్లోగా పేరు మార్చగలరు. ‘మేము’ అన్నాను, ఉన్నది నేనొక్కణ్ణే. పెట్టింది దరఖాస్తే, వచ్చింది హక్కు కాదు. వస్తుందన్న నమ్మకమూ లేదు, ఏజెంటు చెప్పనే చెప్పాడు. అయినా దరఖాస్తు సంఖ్య చూస్తే జనం జడుస్తారని తెలుసు కదా.

రెండో రోజే జవాబు వచ్చింది. కాకినాడలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న కుర్రాడు. తెలుగులో రాశాడు. “సారీ అండి. మా ఊళ్ళో అందరూ ఇలాగే అంటారు కదా అని పెట్టాను. మీది అని తెలీదు. మార్చేస్తున్నాను.” ఆ సాయంత్రానికి యాప్ పేరు ‘ఎనిమిది నాలుగు’ అయింది.

మెక్‌లాఫ్లిన్ బ్రదర్స్ పెట్టె మీద గేమ్ ఆఫ్ ఇండియా అనే అక్షరాలు మొదటిసారి చూసినప్పుడు ఎంత నవ్వొచ్చిందో, ‘ఎనిమిది నాలుగు’ చూసినప్పుడు అంత సిగ్గేసింది. సెల్చో అయినా నయం. ఆయన కొనుగోలుదారులకి ఆ మాట నిజంగానే తెలియదు. నేను అడ్డుకున్నవాడు ఆ మాటని అరుగు మీదే నేర్చుకున్నాడు.

కొన్ని నెలలకి నా దరఖాస్తుల మీద ఎగ్జామినేషన్ రిపోర్టులు వచ్చాయి. గవ్వల బొమ్మకి చిన్న చిన్న వివరణలు అడిగారు, అది తర్వాత రిజిస్టర్ అయింది. పేరుకి మాత్రం తొమ్మిదో సెక్షన్ కింద అభ్యంతరం, ఇది వాడుకలో ఉన్న ఒక ఆట పేరు అని. ఏజెంటు దీనికి కూడా ఒక దారి చెప్పాడు. దరఖాస్తుకి ముందే వాడకం వల్ల ఆ మాట మీ సరుకుకే గుర్తుగా స్థిరపడిందని చూపిస్తే చట్టం ఒప్పుకుంటుంది. డౌన్‌లోడ్ లెక్కలు, ప్రకటనల ఖర్చులు, వాడేవాళ్ళ అఫిడవిట్లు. ముఖ్యంగా కుర్రాళ్ళవి అన్నాడు. “సిటీ పిల్లలకి ఆ ఆట తెలీదు సార్. వాళ్ళకి అష్టా చమ్మా అంటే మీ యాపే. లేదంటే ఆ సినిమా.” ఆయన తన పని తాను చేశాడు. కానీ ఆ మాట విన్నాక తొమ్మిదో సెక్షన్ నాకు వేరేగా కనబడింది. ఆ అభ్యంతరం వచ్చిందంటే, ఆ పేరు వినగానే ఆట గుర్తొచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారని అర్థం. అరుగులు పోయి, గచ్చుకి చింతపిక్క అరగదీసేవాళ్ళు పోయి, ఇంకో ముప్ఫై ఏళ్ళకి ఆ మాట ఎవరికీ తెలియకుండా పోతే అప్పుడు ఎవడో ఒకడు హాయిగా రిజిస్టర్ చేయించుకుంటాడు. 1874లో న్యూయార్క్‌లో అయినట్టే అవుతుంది. కాకపోతే ఈసారి సముద్రం దాటక్కర్లేదు.

మరి అందరిదీ అయిన పేరుకి రక్షణ లేదా అని అడగొచ్చు. కొన్నిటికి ఉంది. మా పక్కనే ఆత్రేయపురం. బోర్లించిన కుండ మీద బియ్యపు పిండి గుడ్డతో లాగి, కాగితం కన్నా పలచటి రేకు ఊడదీసే పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకుముందు 2009లో ఉప్పాడ జాందానీ చీరలకి వచ్చింది. అదీ 1999లో వచ్చిన చట్టమే. దాని పద్ధతి వేరు. పేరు ఒక మనిషిది కాదు. తయారీదార్ల సంఘం పేరున రిజిస్టరవుతుంది, ఆ ప్రాంతంలో చేసేవాళ్ళు అధీకృత వాడకందార్లుగా నమోదు చేయించుకుంటారు. ఆత్రేయపురం పేరు పెట్టి ఇంకెక్కడో మిషను మీద చేసినవి అమ్మితే అడగడానికి ఒక దారి ఏర్పడింది. బాగానే ఉంది. కానీ ఆ చట్టం వర్తించేది సరుకులకి. పంటకి, చీరకి, మిఠాయికి, బొమ్మకి. ఏటికొప్పాక బొమ్మ సరుకే, దానికి గుర్తింపు ఉంది. ఆట సరుకు కాదు, ఆడటం. పైగా అష్టా చమ్మా ఏ ఊరిదని రాస్తాం? కృష్ణ దాటితే ఇంకో నియమం, కన్నడదేశం వెళ్తే చౌకాబారా. దరఖాస్తు పెట్టడానికి ఆడేవాళ్ళ సంఘమంటూ లేదు, మా అమ్మమ్మ, పెద్దమావయ్య ఇద్దరే ఒక నియమం మీద ఏకాభిప్రాయానికి రాలేదు.

రిపోర్టు వచ్చిన రోజున ఆ కుర్రాడికి మళ్ళీ రాశాను, ఈసారి తెలుగులో. ఆ పేరు నాది కాదని, అప్పుడు రాసింది తప్పని, పాత పేరు పెట్టుకోమని. నాలుగు రోజులకి జవాబిచ్చాడు. “పర్లేదు అన్నా. ఈ పేరుకి అలవాటు పడిపోయారు. మా నాన్నగారు కూడా ఎనిమిది నాలుగు ఆడదాం రా అంటున్నారు.” కింద ఒక సందేహం కూడా అడిగాడు, వరసగా మూడు అష్టాలు పడితే మీ వైపు పోతాయా, ఉంటాయా అని. సెట్టింగ్స్‌లో మీట పెట్టుకోమని చెప్పాను.

ఎగ్జామినేషన్ రిపోర్టుకి 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే దరఖాస్తు వదులుకున్నట్టు. ఏజెంటు రెండుసార్లు ఫోన్ చేశాడు, రెండోసారి కొంచెం విసుగ్గానే. నేను జవాబు పంపలేదు.